వేచి ఉండే పిండం

శమంతకమణిని వెదుకుతూ శ్రీకృష్ణుడు జాంబవంతుని గుహలో ప్రవేశించినప్పుడు ఆ మణి అక్కడ ఒక శిశువుకు ఆటవస్తువై ఉన్నదని భాగవత కథ. కథ మాట అటుంచినా ఎలుగుబంటికీ, గుహకూ, పసిబిడ్డకూ గాఢమైన సంబంధమే ఉంది. మన నల్లమల ఎలుగుబంటి శీతకాలమంతా నిద్రించదు గాని, పిల్లలను కనడానికి అదీ గుహనే ఆశ్రయిస్తుంది. నెలల తరబడి నిద్రించే ఉత్తర అమెరికా నల్ల ఎలుగుబంటిలో ఈ సంబంధం మరింత విచిత్రమైనది.

ఆ ఎలుగులు మే నుంచి జూలై వరకు జతకడతాయి. వసంతంలో పగటి వెలుగు పెరిగేకొద్దీ మగవాటి రక్తంలో టెస్టోస్టిరాన్ హెచ్చుతుంది, వృషణాలు పెద్దవవుతాయి. శరదృతువు నాటికి అవి మరల కుంచించుకుపోతాయి. ఒకే కాన్పులోని పిల్లలకు తండ్రులు వేరుగా ఉండటం కూడ కద్దు.

అసలు వింత ఆ తరువాతిది. ఫలదీకరణం చెందిన అండం కొన్నాళ్ళు విభజన చెంది, గుండుసూది తలకన్న చిన్నదైన కణాల బంతిగా మారి, అక్కడితో ఆగిపోతుంది. గర్భాశయపు గోడకు అంటుకోక, నెలల తరబడి అందులోనే వేచి ఉంటుంది. ఆ కాలమంతా ప్రొజెస్టిరాన్ తక్కువ స్థాయిలోనే ఉంటుంది. నవంబరు చివర, పగలు బాగా తరిగిన వేళ, ఆ హార్మోను ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు గాని పిండం నాటుకోదు. గర్భం పొందని ఆడ ఎలుగులో సైతం ఈ పెరుగుదల కనిపించవచ్చు. అందువలన కేవలం రక్తపరీక్షతో గర్భాన్ని నిర్ధారించడం కష్టం.

నాటుకున్న తరువాత పెరుగుదల రెండు నెలలకు మించదు. జనవరిలో, మంచు కప్పిన గుహలో, కళ్ళు తెరవని పిల్లలు పుడతాయి. ఒక్కొక్కదాని బరువు సుమారు 300 గ్రాములు మాత్రమే. అంత పెద్ద జంతువుకు ఇంత చిన్న బిడ్డ ఏల? గర్భస్థ శిశువుకు ప్రధాన ఆహారం గ్లూకోజు. నిరాహారియైన తల్లి దానిని సమకూర్చాలంటే తన కండరాలనే కరిగించుకోవాలి. పాలైతే నిలువ ఉన్న కొవ్వు నుంచే తయారవుతాయి. కనుక బిడ్డను త్వరగా కని పాలతో పెంచడమే తల్లికి సులభమని శాస్త్రజ్ఞుల ఊహ.

అందువలన శరదృతువులో తినే తిండిపైనే వంశం ఆధారపడి ఉంటుంది. గోధుమరంగు ఎలుగులపై జరిగిన పరిశోధన ఒకటి 2012లో వెలువడింది. శరీరంలో కొవ్వు 20 శాతానికి మించని ఆడ ఎలుగులు జతకట్టినప్పటికీ పిల్లలను కనలేదని అది తెలిపింది. బాగా బలిసినవి ముందుగా కన్నాయి. వాటి పిల్లలూ వేగంగా పెరిగాయి.

పాలిచ్చే తల్లి సాధారణంగా మరల జతకట్టదు. నల్ల ఎలుగు పిల్లలు తల్లిని విడవడానికి దాదాపు ఏడాదిన్నర పడుతుంది. కాబట్టి కాన్పుకూ కాన్పుకూ నడుమ రెండేళ్ళ ఎడం తప్పదు. ఓక్, బీచ్ చెట్లు కాయని ఏడు ఆ అడవిలోని అనేక తల్లుల గర్భాలు నిలువవు. ఒడిలో పిల్లలు లేనందున అవన్నీ మరుసటి వేసవిలో ఒకేసారి జతకడతాయి. ఆ శరత్తులో కాయలు సమృద్ధిగా రాలితే, వచ్చే జనవరిలో ఆ అడవి గుహలలో సాధారణంకన్న ఎక్కువ పిల్లలు పుడతాయి.