పడ్డ సంగతి అబ్బాయికి చెప్పలేదు

నాకు 72 ఏళ్ళు. తెనాలిలో సొంతిల్లు. ఆయన పోయినప్పట్నుంచి ఒక్కదాన్నే ఉంటున్నాను. మాఘమాసంలో బాత్రూంలో కాలు జారి, చెయ్యి ఆనించబోతే కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. హైదరాబాద్ నుంచి వచ్చి చూసుకున్న మా అబ్బాయి, వెళ్తూ ఒకటే మాట చెప్పాడు: "అమ్మా, నువ్వు కూర్చున్నచోట కూర్చో. అన్నీ పనమ్మాయి చూసుకుంటుంది." కట్టు తీశాక వేళ్ళు బిగుసుకుపోయాయి. జడ వేసుకోవడం కూడా చేతకావట్లేదు.

అసలు సంగతి ఇంకోటి. పోయిన నెల తెల్లవారుజామున బాత్రూంకని మంచం మీంచి లేచాను. కాలు జారలేదు, దేనికీ తట్టుకోలేదు. కళ్ళు బైర్లు కమ్మి అక్కడే కూలబడ్డాను. చాలాసేపు లేవలేకపోయాను. పాలబ్బాయి కేకేసే వేళకి ఎలాగో మంచం కోడు పట్టుకుని లేచాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇల్లు అద్దెకిచ్చేసి నన్ను వాళ్ళ ఎనిమిదో అంతస్తుకి తీసుకుపోతాడు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం అయిదు దాటితే మంచినీళ్ళు ముట్టడంలేదు. గుడికి వెళ్ళడం మానేశాను. ఇంట్లో గోడలు పట్టుకుని నడుస్తున్నాను. బీపీకి రెండు మాత్రలు, నిద్ర పట్టనప్పుడు ఒకటి వేసుకుంటాను. ఏం చెయ్యమంటారు?

- ఒక తల్లి, తెనాలి

అమ్మా,

మీరు రెండుసార్లు పడ్డారు గానీ ఆ రెండూ ఒకలాంటివి కావు. మొదటిది తడినేల చేసిన పని. రెండోసారి నేల తప్పేమీ లేదు. పడుకున్న మనిషి గభాలున లేచి నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. వయసులో ఉన్నప్పుడు ఒళ్ళు దాన్ని వెంటనే సర్దుకుంటుంది, పెద్దతనంలో ఆలస్యమవుతుంది. ఆ కాస్తసేపట్లో బీపీ పడిపోయి కళ్ళు బైర్లు కమ్ముతాయి. మీకు జరిగింది అదే అయి ఉండవచ్చు. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు, నిద్రమాత్రలు ఈ ఇబ్బందిని పెంచుతాయి. నీళ్ళు తాగకపోతే ఇంకా పెరుగుతుంది. పడకూడదని మీరు చేస్తున్న పనే మళ్ళీ పడేసేలా ఉంది. డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప, పగలంతా బాగా తాగండి. పడుకోబోయే ముందు రెండు గంటలు తగ్గిస్తే చాలు.

ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా. "కళ్ళు తిరిగి పడ్డాను" అనే మొదలుపెట్టండి. మణికట్టు కథ ముందు చెబితే ఈ మాట వెనకబడిపోతుంది. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ బీపీ చూడమనండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే మందుల మోతాదు గురించి ఆయన ఆలోచించాలి. ఈసీజీ కూడా తీయించండి. మీ అంతట మీరు మాత్రం ఏ మాత్రా ఆపొద్దు. అందాకా, లేచేటప్పుడు మంచం అంచున కాళ్ళు కిందకి పెట్టి కూర్చోండి. పాదాలు పైకీ కిందకీ ఆడిస్తూ ఒక నిమిషం ఆగి అప్పుడు లేవండి.

నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే అది గుల్లబారిందేమో చూసుకోవాలి. డెక్సా స్కాన్, డి విటమిన్ పరీక్ష గురించి అడగండి. ఎముక డాక్టరు కట్టు విప్పి పంపేస్తే వైద్యం సగమే అయినట్టు. వేళ్ళకి ఫిజియోథెరపీ కావాలి, ఇంకా ఆలస్యం చెయ్యకండి.

మీ అబ్బాయి ప్రేమతోనే అన్నా, "కూర్చున్నచోట కూర్చో" అన్న మాట నేనొప్పుకోను. వాడని కండ కరిగిపోతుంది. కాళ్ళలో బలం తగ్గిన మనిషి కాస్త తూలినా నిలదొక్కుకోలేదు. న్యూజిలాండ్‌లోని ఒటాగోలో 1990ల్లో పెద్దవాళ్ళ కోసం ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు తయారుచేసి పరీక్షిస్తే, పడటాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. అవేమీ బ్రహ్మవిద్య కాదు. చేతులున్న గట్టి కుర్చీలోంచి లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, అదే గట్టు పట్టుకుని అడుగు ముందు అడుగు వేసి నడవడం. కళ్ళు తిరగడం సంగతి డాక్టరు తేల్చాక ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని మొదలుపెట్టండి. గుడికి కూడా వెళ్ళండి, మొదట్లో ఎవరినైనా తోడు తీసుకుని.

బాత్రూంకి కొంచెం డబ్బు ఖర్చు పెట్టాల్సిందే. ఈమధ్య అక్కడ కూడా నున్నగా మెరిసే టైల్సు వేయిస్తున్నారు, ఎవరి బుద్ధో తెలీదు. గరుకు టైల్సు కుదరకపోతే వెనక రబ్బరు పట్టున్న మ్యాట్ వేయండి. ఎత్తయిన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని స్నానం చేయండి. స్టూలు కాళ్ళకి రబ్బరు తొడుగులు ఉండాలి. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట గోడకి డ్రిల్ చేయించి స్టీలు కడ్డీ బిగించండి. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువు ఆపదు, ఊడి చేతికొస్తుంది. తలంటు రోజు అరికాళ్ళకి నూనె వద్దు. లోపల గడియ తీసేసి, బయట నుంచి కూడా తెరుచుకునే తాళం పెట్టించండి. గడపల దగ్గర కాలిపట్టాలు తీసేయండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి.

ఇంత చేసినా పడితే? వెంటనే లేవబోకండి. తుంటి దగ్గర నొప్పిగా ఉన్నా, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపించినా కదలకుండా 108కి ఫోన్ చేయండి. తలకి దెబ్బ తగిలితే, అందులోనూ రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, బాగానే ఉన్నాననిపించినా ఆస్పత్రికి వెళ్ళాలి. ఏమీ లేదనుకుంటే పక్కకి ఒత్తిగిల్లి, మోచెయ్యి ఆనించి, మోకాళ్ళ మీదకి రండి. గట్టి కుర్చీ దాకా పాకి, దాని మీద చేతులు వేసి, బలమున్న కాలు ముందుకి పెట్టి లేవండి. విరిగిన చేతి మీద బరువు వేయొద్దు. ఫిజియోథెరపిస్టు ఎదుట ఒకసారి చేసి చూడండి. ఆవేళ మీరు చాలాసేపు కిందే ఉండిపోయారు కదా, ఎముక విరగకపోయినా అలా పడి ఉండటమే ప్రమాదం.

అబ్బాయికి చెప్పండి. తను ఈ సంగతి ఇంకొకరి నోట వింటే ఇల్లు ఖాళీ చేయించడం ఖాయం. డాక్టర్ని చూసొచ్చాక మీరే ఫోన్ చేసి, పడ్డాను, కారణం ఇదీ, ఇంట్లో ఇవి మార్పిస్తున్నాను, ఇంత ఖర్చవుతుంది అని చెబితే మాట మీ చేతిలో ఉంటుంది. ఎనిమిదో అంతస్తులో కూడా బాత్రూం తడిగానే ఉంటుందని కావాలంటే నవ్వుతూ అనండి. చిన్న ఫోను ఒక గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసుకోండి, రాత్రి కూడా తలగడ పక్కనే ఉండాలి. వీధితలుపు తాళంచెవి ఒకటి పక్కింటివాళ్ళకి ఇచ్చి, పొద్దున్న ఏడింటికల్లా మీ తలుపు తెరుచుకోకపోతే వచ్చి చూడమని చెప్పండి.