జంతికల గొట్టం నుంచి రాకెట్టు ఇంజను దాకా

పండగకు మీ ఇంట్లో జంతికలు వండుతుంటే దగ్గర నిలబడి చూశారా? గొట్టంలో పిండి ముద్ద పెట్టి పైనుంచి నొక్కితే అడుగున ఉన్న బిళ్ల కన్నాల్లోంచి పిండి తీగలా దిగుతుంది. అమ్మ చెయ్యి గుండ్రంగా తిరుగుతూంటే ఆ తీగ చుట్టలు చుట్టుకుంటుంది.

ఇప్పుడు ఈ గొట్టానికి కొన్ని మార్పులు చేద్దాం. బిళ్లకు ఒకే ఒక్క కన్నం ఉందనుకోండి. దాని వెడల్పు 0.4 మిల్లీమీటర్లు. పిండికి బదులు సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో మెత్తబడ్డ ప్లాస్టిక్కు ఉంది. అమ్మ చేతికి బదులు, కంప్యూటరు చెప్పినట్టల్లా ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదిలే ఒక ఇనుప చట్రం ఉంది. ఒక పొర పరవడం పూర్తికాగానే గొట్టం వెంట్రుకవాసి పైకి లేచి, దానిమీద మరో పొర పరుస్తుంది. మీరు ఊహించిన ఈ యంత్రమే త్రీడీ ప్రింటరు. పుస్తకం అచ్చు వేసే యంత్రానికి పొడవు, వెడల్పు చాలు. దీనికి ఎత్తు కూడా ఉంది కాబట్టి దీని పనిని త్రిమితీయ ముద్రణ అంటారు.

మనిషి వస్తువులు చేసే పద్ధతుల్లో తీసివేతలు ఎన్నో ఉన్నాయి. టెక్కలి వైపు గ్రానైటు క్వారీల్లో బండను కోసి, చెక్కి, నునుపు చేస్తారు. కావలసింది మిగులుతుంది, అక్కరలేనిది ముక్కలై పోతుంది. త్రిమితీయ ముద్రణ కూడిక. ఎక్కడ అవసరమో అక్కడే పదార్థాన్ని వేస్తుంది.

సరే, ఎక్కడ అవసరమో యంత్రానికి ఎలా తెలుసు? ఉద్దానం పిల్లలకు కొబ్బరికాయతో చెబితే సులువుగా అర్థమవుతుంది. 10 సెంటీమీటర్ల ఎత్తున్న కొబ్బరికాయ నమూనా కావాలనుకుందాం. ముందు దాని ఆకారాన్ని కంప్యూటరులో గీస్తారు. తరువాత కంప్యూటరు ఆ బొమ్మను అడ్డంగా పల్చని బిళ్లలుగా కోస్తుంది. ఒక్కో బిళ్ల మందం 0.2 మి.మీ. అయితే మొత్తం ఎన్ని బిళ్లలు? 500. అడుగు బిళ్ల చిన్న వృత్తం, నడిమి బిళ్ల పెద్ద వృత్తం, పైకి పోయేకొద్దీ మళ్లీ చిన్నవి. ప్రింటరుకు కొబ్బరికాయ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది ఈ 500 వృత్తాలే.

ఇది మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఒక బంగాళాదుంపను అడ్డంగా సమానమైన ముక్కలుగా కోయండి. ఒక్కొక్క ముక్కనూ అట్టమీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి, ఆ గీత వెంబడి కత్తిరించండి. అట్టలు పల్చగా ఉంటే ఒక్కో ముక్కకు రెండు మూడు కత్తిరించి, ముక్క మందం వచ్చేలా అంటించండి. అన్నిటినీ వరసగా ఒకదానిమీద ఒకటి పేరిస్తే అట్ట బంగాళాదుంప తయారవుతుంది. దాని పక్కలు మెట్లు మెట్లుగా ఉన్నాయి కదూ? ముక్కలు ఎంత పల్చగా కోస్తే మెట్లు అంత చిన్నవవుతాయి. ప్రింటరుకూ ఇదే చిక్కు.

ఇంకో చిక్కు ఉంది. జంతిక తీగను గాలిలో నిలబెట్టగలరా? పొర కింద ఇంకో పొర ఉండాలి. కొబ్బరికాయ అడుగు భాగం బాగా వాలుగా ఉంటుంది కనుక అక్కడ ప్లాస్టిక్కు జారిపోకుండా పలచటి ఊతకర్రల్లాంటివి కూడా యంత్రమే అచ్చువేస్తుంది. పని అయ్యాక వాటిని విరిచేస్తారు.

ఇక కాలం లెక్క. తీగ వెడల్పు 0.4 మి.మీ., మందం 0.2 మి.మీ., గొట్టం వేగం సెకండుకు 50 మి.మీ. అనుకుంటే సెకండుకు పడే ప్లాస్టిక్కు 4 ఘనపు మిల్లీమీటర్లు. గంటకు 14.4 ఘనపు సెంటీమీటర్లు. అంటే 72 ఘనపు సెంటీమీటర్ల చిన్న వస్తువుకు 5 గంటలు! పొర మందం సగం చేస్తే ఎన్ని గంటలో మీరే చెప్పండి. కర్మాగారంలో అచ్చులో పోసి బక్కెట్లు చేసేవాడు ఈ లోపల బండెడు చేస్తాడు. కాబట్టి ఇక ముందు అన్నీ ఇంట్లోనే అచ్చువేసుకుంటామని ఎవరైనా అంటే నమ్మకండి. ఒకే రకం వస్తువు వేలకొద్దీ కావాలంటే పాత పద్ధతే మేలు. ఒకటో రెండో కావాలన్నా, ఆకారం మరీ చిక్కుగా ఉన్నా ప్రింటరే మేలు. పలాసలోని ఒక జీడిపప్పు కర్మాగారంలో పాత యంత్రపు ప్లాస్టిక్కు పళ్లచక్రం విరిగి, అలాంటిది బజారులో దొరకలేదనుకోండి. దాని కొలతలు తీసుకుని ఒక్కదాన్ని అచ్చువేసుకోవచ్చు. అయితే మొక్కజొన్న పిండి నుంచి చేసే పి.ఎల్.ఎ. అనే మామూలు ప్లాస్టిక్కు 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. జీడిగింజలు వేపే చోట అది పనికిరాదు.

ఈ ఉపాయం వయసు ఎక్కువేమీ కాదు. 1981లో జపానులో హిడియో కొడామా, 1980ల నడుమ అమెరికాలో చక్ హల్ కాంతి తగిలితే గట్టిపడే ద్రవంతో పొరలు కట్టారు. హల్‌కు 1986లో పేటెంటు వచ్చింది. కరిగిన ప్లాస్టిక్కు పద్ధతి స్కాట్ క్రంప్‌ది. లోహాలకు ఎక్కువగా వాడే పద్ధతిలో ఇలాంటి గొట్టం లేదు. లోహపు పొడిని పల్చగా పరిచి, కావలసిన చోట మాత్రమే లేజరు కిరణంతో కరిగిస్తారు.

ఆ లోహపు పద్ధతి ఎంతవరకు వచ్చిందో చూడండి. శ్రీహరికోట నుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నాలుగో అంచెకు రెండు చిన్న ఇంజన్లు ఉంటాయి. ఒక్కో ఇంజనును పూర్వం 14 భాగాలుగా చేసి, 19 చోట్ల అతికేవారు. ఇస్రో దాన్ని ఒకే ముక్కగా అచ్చువేయించి, 2024 మే 9న మహేంద్రగిరిలో 665 సెకండ్లు మండించి పరీక్షించింది. (ఇది మన మందసకు ఎగువన ఒడిశాలో ఉన్న మహేంద్రగిరి కాదు, తమిళనాడులోది!) ఇంజను ఒక్కంటికి 565 కిలోల ముడిలోహం పట్టేది, 13.7 కిలోలకు దిగింది. తీసివేతకూ కూడికకూ తేడా ఈ రెండు అంకెల్లో ఉంది. అతుకు లేని చోట అతుకు ఊడే భయమూ లేదు.

ఇక సంతబొమ్మాళి దాటి వజ్రపుకొత్తూరు, పలాస, సోంపేట, కవిటి వైపు పోతే ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది. ఉద్దానంలో ఎన్నో కుటుంబాలను మూత్రపిండాల వ్యాధి పీడిస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో ఇందుకోసమే 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మరి ఇంజనునే అచ్చువేసినవారు మూత్రపిండాన్ని అచ్చువేయలేరా?

2011లో అమెరికాలో ఆంథొనీ అటాలా అనే వైద్యుడు మూత్రపిండం ఆకారంలో అచ్చువేసిన ఒక వస్తువును సభలో చేత్తో పట్టి చూపించాడు. మూత్రపిండం తయారైపోయిందని కొందరు రాసేశారు. అది ఆకారమే, రక్తాన్ని వడకట్టలేదు. అసలు కష్టం ఎక్కడుందో చెబుతాను. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల సూక్ష్మ వడపోత గొట్టాలు ఉంటాయి. వాటిని అల్లుకున్న రక్తకేశనాళికల వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. మన ప్లాస్టిక్కు యంత్రపు కన్నం దానికి సుమారు 50 రెట్లు. పైగా జీవకణాలు రక్తానికి అతి దగ్గరగా లేకపోతే ప్రాణవాయువు అందక చచ్చిపోతాయి.

రక్తనాళాలు లేని భాగమైతే? కంటి ముందున్న నల్లగుడ్డు మీది పారదర్శకపు పొర, అంటే కార్నియా, అలాంటిదే. అది గాలి నుంచే ప్రాణవాయువు తీసుకుంటుంది. అందుకే అక్కడ పని ముందు సాగింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐ.ఐ.టి., సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కలిసి, దానం చేసిన కార్నియాల నుంచి కణాలు తీసేయగా మిగిలిన పదార్థంతో కృత్రిమ కార్నియాను అచ్చువేసి కుందేలు కంట్లో అమర్చారు. ఈ సంగతి 2022 ఆగస్టులో వెల్లడైంది. మనిషి కంటికి రావాలంటే ఇంకా ఎన్నో పరీక్షలు జరగాలి.

మూత్రపిండం విషయంలో ఇప్పటికి చేతికొచ్చినవి చిన్నవే. కణితిని కోసి తీసే ముందు డాక్టర్లు ఆ రోగి మూత్రపిండానికి ప్లాస్టిక్కు నమూనా అచ్చువేసుకుని, రక్తనాళం ఎక్కడ తగులుతుందో చూసుకుంటున్నారు. 2016లో హార్వర్డులో జెనిఫర్ లూయిస్ బృందం, వడపోసిన నీటిలోంచి ఒంటికి కావలసినవాటిని తిరిగి పీల్చుకునే గొట్టాన్ని మనిషి కణాలతో కట్టింది. ఒక్క గొట్టమే, 10 లక్షలు కాదు. దాంట్లో సైక్లోస్పోరిన్ అనే మందును పంపి, అది గొట్టం గోడను ఎలా దెబ్బతీస్తుందో కళ్లారా చూశారు. ఏ మందు, ఏ విషం మూత్రపిండానికి హాని చేస్తుందో మనిషి మీద ప్రయోగించకుండా తెలుసుకోవడానికి ఆ ఒక్క గొట్టం కూడా తోడ్పడుతుంది.