నీళ్లు వచ్చాయి, దేవుడు గుర్తున్నాడా?



"పాలమూరు లేబర్" అన్న మాట మన పెద్దలకు కొత్తది కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో వేర్వేరు జిల్లాలయ్యాయి గాని, అంతకుముందు ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఈ పల్లెల నుండి వేలాది కుటుంబాలు ముసలివాళ్లను ఇంటిదగ్గర వదలి, బొంబాయికి, పుణెకు, ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టిపనికి పోయేవి. నేను గురువునైన కొత్తలో, బస్సెక్కే ముందురోజు సాయంత్రం ఆ కుటుంబాలు గుడికి వచ్చి మోకరించేవి. "ఫాదర్, మేం తిరిగొచ్చేదాకా మా ఇల్లు దేవుడే చూసుకోవాలి" అనేవారు. వాళ్లకు చదువు లేదు, జపమాల మాత్రం కంఠతా వచ్చు.

కాలం మారింది. కృష్ణానది మీద జూరాల ప్రాజెక్టు 1995లో ప్రారంభమైంది. తరువాత కల్వకుర్తి ఎత్తిపోతల పథకం శ్రీశైలం జలాశయపు నీటిని కొల్లాపూరు దగ్గర నుండి మూడు అంచెలుగా పైకి ఎత్తి మెట్ట పొలాలకు పంపింది. నీళ్లు అందని ఊళ్లు ఇంకా ఉన్నాయి, వలస పూర్తిగా ఆగలేదు. అయినా జొన్న పండడమే గగనమైన చోట ఇప్పుడు వరి పండుతోంది. ఇది దేవుని దయ కాదని ఎవరంటారు? కాని ఈ మధ్య నన్ను ఒక ప్రశ్న వెంటాడుతోంది. నీళ్లు రాకముందు గుర్తున్న దేవుడు, వచ్చిన తరువాత గుర్తున్నాడా?

ఈ ప్రశ్న నాది కాదు, మోషే ప్రవక్తది. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయం తీసి ఇంటిల్లిపాదీ కలసి చదవండి. యిస్రాయేలు ప్రజలు నలభై ఏండ్లు ఎడారిలో తిరిగి, వాగులు, ఊటలు ఉన్న మంచి నేల అంచుకు వచ్చారు. అప్పుడు మోషే వారిని హెచ్చరించింది ఆకలి గురించి కాదు, కడుపు నిండడం గురించి. తిని తృప్తిపడి, మంచి ఇళ్లు కట్టుకొని, మందలు పెరిగిన తరువాత మనసు గర్విస్తుంది, బానిసత్వం నుండి విడిపించిన ప్రభువును మరచిపోతారు, ఇదంతా మా చేతుల బలమే అనుకుంటారు అని ఆయన భయం. శతాబ్దాల తరువాత హోషేయ ప్రవక్త అదే జరిగిందని బాధపడ్డాడు (13:6).

గమనించండి, ఆ ప్రజలు బలులు మానలేదు, పండుగలు మానలేదు. అయినా దేవుణ్ణి మరచారు. మరచిపోవడం వేరు, కాదనడం వేరు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో నాస్తికుల వాదాలు నేర్చుకున్నాం, వాటికి జవాబులూ నేర్చుకున్నాం. ఇన్నేళ్ల విచారణ సేవలో ఆ వాదాలు చేసే మనిషి నాకు ఒక్కరూ ఎదురుపడలేదు. దేవుడున్నాడని చెబుతూ, లేనట్లు బ్రతికేవాళ్లను మాత్రం రోజూ చూస్తున్నాను, ఒక్కొక్కసారి అద్దంలో కూడా. రెండవ వాటికన్ మహాసభ 1965లో "నేటి ప్రపంచంలో తిరుసభ" అన్న పత్రంలో ఈ విషయమే చెప్పింది. పలికే విశ్వాసానికీ, బ్రతికే బ్రతుకుకూ మధ్య చీలిక మన కాలపు పెద్ద పొరపాట్లలో ఒకటని, నాస్తికత్వం పెరగడంలో విశ్వాసుల బాధ్యత కూడా ఉందని మహాసభ పితరులు నిర్మొహమాటంగా ఒప్పుకున్నారు.

ఈ మరపు ఒక్కరోజులో రాదు. మొదట కృతజ్ఞత పోతుంది. పదిమంది కుష్ఠరోగులు స్వస్థత పొందితే, వందనం చెప్పడానికి తిరిగివచ్చింది ఒక్కడే (లూకా 17). తరువాత ప్రార్థన అలవాటుగా మిగులుతుంది. పెదవులు కదులుతాయి, మనసు మోటారు దగ్గర ఉంటుంది. చివరకు పక్కవాడు కనబడడం మానేస్తాడు. ఈ మూడవ మెట్టు దగ్గరే మరపు బయటపడుతుంది.

ఒక సంగతి చెబుతాను. గద్వాల ప్రాంతం సీడ్ పత్తికి పేరుపడింది. ఆ పంటలో సాయంత్రం మొగ్గలోని మగభాగం తీసేసి, మరునాటి ఉదయం ఒక్కొక్క పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. చేతులు చాలక బడిపిల్లలను పనిలో పెట్టడం ఏళ్ల తరబడి అందరికీ తెలిసిన అన్యాయమే. ఒక ఏడాది ఉపదేశం క్లాసుకు ఒక చిన్నపిల్ల మూడు వారాలు రాలేదు. విచారిస్తే ఒక విశ్వాసి చేలో పనిచేస్తోంది. అతడు ఏ ఆదివారమూ పూజ తప్పనివాడు, గుడికి ధారాళంగా ఇచ్చేవాడు. అడిగితే, "కూలి ఇస్తున్నాను కదా ఫాదర్, అన్యాయమేముంది?" అన్నాడు. "నీ చదువు ఎందుకు ఆగిందయ్యా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "అమ్మానాయిన వలసపోతే బడి మానేసినా... ఆ సంగతే మరచిపోయినా ఫాదర్" అన్నాడు.

అతనికి బుద్ధి చెప్పి గదికి వచ్చాక నాకే సిగ్గేసింది. ఆ నెలంతా గుడి హాలు స్లాబు పనిలో పడి, ఇసుక, సిమెంటు లెక్కలు చూసుకుంటూ, నేను సాయంకాల ప్రార్థన వదిలేశాను. దేవుని పని చేస్తూ దేవుణ్ణి మరచాను!

మన గద్వాల చీర చూడండి. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేరు గుడ్డలు కుట్టినట్టు కాక, నేతలోనే పోగుపోగునా ముడివేసి కలుపుతారు. ఆ కలయిక వదులైతే అంచు ఎంత మెరిసినా చీర నిలవదు. ఆదివారం మన పట్టు అంచు అనుకుంటే, మిగిలిన ఆరు రోజులు నూలు. ఈ రెండూ ప్రతిరోజూ ముడిపడాలి.

ఎలా ముడివేయాలి? గుర్తుచేసుకోవడం ద్వారా. పునీత అగుస్తీను తన "ఒప్పుకోలు" గ్రంథపు పదవ భాగంలో దేవుణ్ణి తన జ్ఞాపకపు లోతుల్లో వెదుకుతాడు. ప్రభువు మనకు అప్పగించిన దివ్యబలిపూజ కూడా ఆయన జ్ఞాపకార్థమే. అది కేవలం తలచుకోవడం కాదు, ఆయన ప్రేమను ఈనాడు మన మధ్యకు తెచ్చుకోవడం. కనుక మూడు చిన్న పనులు చేయండి. రాత్రి పడుకోబోయే ముందు ఆనాడు దేవుడు చేసిన మేలు ఒకటి, మనం మరచిన సంగతి ఒకటి కుటుంబమంతా చెప్పుకోండి. పెద్దలారా, మీ వలస రోజుల కథలు మనవలకు చెప్పండి. తన పూర్వికుల మేలు ఎరుగని తరం దేవుణ్ణి కూడా ఎరుగకుండా పోతుందని న్యాయాధిపతుల గ్రంథం (2:10) సాక్ష్యం. మూడవది, మీ చేలో పనిచేసేవారి పేరు, ఊరు అడగండి. నేడు తెలంగాణలో చాలాచోట్ల వరినాట్లకు బీహారు, బెంగాలు నుండి కూలీలు వస్తున్నారు. వాళ్ల గుడిసెల్లోకి తొంగిచూడండి, నిన్నటి పాలమూరు కనిపిస్తుంది.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఒక చక్కని ఆజ్ఞ ఉంది. కోతవేళ చేలో ఒక పన మరచిపోతే దానికోసం వెనక్కు వెళ్లరాదు, అది పరదేశికీ, అనాథకూ, విధవకూ చెందాలి. కారణం, మీరూ ఒకనాడు బానిసలే. దేవుడు మనకు అనుమతించిన మరపు అదొక్కటే. మిగిలినదంతా ఆయన గుర్తుంచుకోమన్నాడు.

ఈ వారం కుటుంబంలో ఆలోచించండి: కష్టకాలంలో దేవునికి ఇచ్చిన ఏ మాటను మనం మరచిపోయాం? మన ఇంట్లో, మన పొలంలో పనిచేస్తున్న బడిఈడు పిల్లలు ఎవరైనా ఉన్నారా?

ప్రభువు మిమ్ములను దీవించునుగాక.