క్యాథలిక్ వర్సిటీలో లా పాఠాలు చెప్పాలంటే

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఎం 58 శాతంతో పాసయ్యాను. బెంగళూరు క్రైస్ట్ యూనివర్సిటీలో లా అధ్యాపకురాలిగా చేరాలని ఉంది. క్రిస్టియన్‌ని కాను; తీసుకుంటారా?
– ఒక పాఠకురాలు, తడ

జవాబు: ధైర్యంగా దరఖాస్తు పెట్టండమ్మా. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీ సంస్థలకు సిబ్బందిని ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చింది. అయినా యూజీసీ అర్హతలు అక్కడా తప్పవు. క్రైస్ట్‌ను నడిపేది సీఎంఐ అనే క్యాథలిక్ సభ ఫాదర్లే. అయినా పాఠాలు చెప్పేవాళ్లలో వేర్వేరు మతాలవారు ఉన్నారు.

మీరు దాటాల్సింది నెట్ పరీక్ష. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ లేదా రాష్ట్రస్థాయి సెట్ కనీస అర్హత. పీజీలో కావాల్సిన 55 శాతం మీకుంది. డెమో క్లాసుకు సుప్రీంకోర్టు టీఎంఏ పాయ్ తీర్పు (2002) తీసుకోండి. మైనారిటీ విద్యాసంస్థల హక్కుల మీద అంతకన్నా మంచి పాఠం లేదు.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామని ఎవరైనా అంటే, సంతకం చేసేముందే న్యాయవాదిని కలవండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం అందుతుంది.