చలక భూమికి చెరువు మన్ను
(బంకమన్ను గుణములు)

మన నల్లగొండ, మహబూబునగరము సీమలలో ఆముదము, జొన్న పండించు ఎఱ్ఱచలకలు మెండు. వాన వెలిసిన కొలది దినములకే చలకలో పైరు వాడును. ప్రక్కనున్న రేగడిలో అడుగున తడి నిలిచియుండును. కురిసిన వాన రెండింటికి నొక్కటియే. భేదమునకు ముఖ్యకారణము బంకమన్ను.

బంక రేణువు మిల్లీమీటరులో 500వ వంతుకంటె సన్నమైనది. అది పలుచని పొరల పేర్పు. చలకలలో బంక కొంచెము. ఆ కొంచెములో కెయొలినైటు హెచ్చు. దీనిలో సిలికా పొర యొకటి, అల్యూమినా పొర యొకటి జతగూడి, జతకు జత గట్టిగా నంటియుండును. నడుమ నీరు చొరదు. చీనావారు పింగాణి చేయు తెల్లమన్ను ఇదియే. రేగడిలోని మాంట్మొరిలొనైటునందు రెండు సిలికా పొరల నడుమ నొక అల్యూమినా పొర యుండును. ఈ కట్టల నడుమ పట్టు తక్కువగుటచే సందులలో నీరు చొచ్చును. కావుననే రేగడి తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును.

బంక రేణువులకు ఋణవిద్యుత్తు కలదు. అందుచే కాల్షియము, పొటాషియము, అమ్మోనియము వంటివానిని పట్టియుంచి వేళ్ళకు మెల్లగా నందించును. 100 గ్రాముల కెయొలినైటు 3 మొదలు 15 మిల్లీతుల్యములు పట్టగా, మాంట్మొరిలొనైటు 80 మొదలు 150 వఱకు పట్టును. నైట్రేటును మాత్రము ఈ పట్టు నిలుపజాలదు. కావున చలకలో యూరియాను విడతలుగా వేయవలెను.

చలకకు కొఱతపడిన బంక దూరమున లేదు. వానలకు కొట్టుకొనిపోయిన సన్నని మన్ను ఊరి చెరువులోనే చేరును. 2015లో తెలంగాణ ప్రభుత్వము మొదలిడిన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీయగా, రైతులు దానిని పొలములకు తోలుకొనిరి. పూడిక ఊరకనే దొరికినను తోలుటకు కూలి రైతే యిచ్చుకొనవలెను. కావున ముందు పరీక్షింపుడు.

ఎండిన పూడికగడ్డ నొకదానిని గాజుగ్లాసులోని వాననీట మెల్లగా జారవిడిచి, కదల్పక రాత్రియంతయు నుంచుడు. గడ్డ విరిసినను నీరు తేటగా నున్న మంచిదే. చుట్టును పాలవంటి మబ్బు కమ్మిన సోడియము హెచ్చని అనుమానింపవలెను. అట్టి మన్ను పొలమున నేల సందులను మూసి చౌడు చేయును. దానిని భూసార పరీక్షా కేంద్రమునకు పంపక తోలరాదు. జిప్సములోని కాల్షియము సోడియమును తొలగించును గాని, ఎంత వేయవలెనో పరీక్షయే చెప్పవలెను.

మంచి పూడికను వేసవిలో చల్లి, తొలకరి దుక్కిలో బాగుగా కలియదున్నుడు. రైతు సోదరులారా, మొదటి యేట పొలములో నొక చాలుపట్టెను పూడిక వేయక విడువుడని మా మనవి. వానల నడుమ ఎడము వచ్చినప్పుడు ఏ పట్టెలో పైరు ముందు వాడునో చూచి, మఱుసటి యేటి ఖర్చు నిర్ణయించుకొనుడు.