స్టోర్డ్ ప్రొసీజర్ తప్పు జవాబిస్తే ఏం చేయాలి?

ఉప్పల్, నాచారం ప్రాంతాల హాస్టళ్ళలో ఉంటూ కంప్యూటర్ కోర్సులు చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఉపయోగపడుతుందని ఈ పాఠం రాస్తున్నాం.

డేటాబేస్‌లో ముందే రాసి, పేరు పెట్టి భద్రపరచిన ఆదేశాల సముదాయమే స్టోర్డ్ ప్రొసీజర్. పేరుతో పిలిచి విలువ ఇస్తే పని జరిగిపోతుంది. ఎర్రర్ వస్తే వెంటనే తెలుస్తుంది. ఎర్రర్ లేకుండా తప్పు జవాబు వస్తేనే ప్రమాదం.

బస్ పాస్‌ల కోసం 10 మంది విద్యార్థుల టేబుల్ తయారు చేశామనుకుందాం. ‘ప్రాంతం’ అనే కాలమ్‌లో 5 మందికి ఉప్పల్, 3 మందికి నాచారం అని ఉంది. ఇద్దరికి ఏమీ నింపలేదు, అంటే నల్.

1. నల్ చిక్కు: ‘నాచారం కానివారు’ అని అడిగితే 7 పేర్లు రావాలి. 5 మాత్రమే వస్తాయి. నల్ అంటే సున్నా కాదు, ‘తెలియదు’ అని అర్థం. తెలియనిదాన్ని దేనితో పోల్చినా అవునని గాని, కాదని గాని తేలదు. షరతుకు అవునని తేలిన రికార్డులే బయటికి వస్తాయి. కాబట్టి ‘ఈజ్ నల్’ అనే షరతును కూడా ‘ఆర్’తో చేర్చాలి.

2. పేర్ల చిక్కు: మై ఎస్‌క్యూఎల్‌లో 2005లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి ప్రొసీజర్లు ఉన్నాయి. అందులో పారామీటర్‌కు కూడా ‘ప్రాంతం’ అనే పేరే పెడితే, షరతులో రెండు వైపులా పారామీటరే అవుతుంది. ఉప్పల్ అని ఇచ్చినా 10 మందీ వస్తారు. పారామీటర్‌కు వేరే పేరు పెట్టాలి.

3. పాత విలువ చిక్కు: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సెలెక్ట్ ద్వారా వేరియబుల్‌కు విలువ ఇచ్చేటప్పుడు ఒక్క రికార్డూ దొరక్కపోతే పాత విలువే మిగులుతుంది. లూప్‌లో ఒకరి మొత్తం మరొకరి పేరున పడవచ్చు. ప్రతిసారీ ముందుగా నల్ పెట్టుకోవాలి.

వెతికే పద్ధతి ఇది. ప్రొసీజర్‌కు ఇచ్చిన విలువలు రాసుకోండి. లోపలి క్వెరీని బయటికి తీసి అవే విలువలతో నడపండి. మధ్యలో వచ్చే విలువలను ఒక్కొక్కటిగా చూడండి. పది రికార్డుల నకలు టేబుల్‌పై చేత్తో లెక్కవేసి పోల్చండి. అసలు డేటాపై ప్రయోగాలు వద్దు.

జవాబు రాగానే మొత్తం సరిపోయిందా అని లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. పై జాబితాలో తప్పిపోయినవి రెండు రికార్డులే కావచ్చు. పాస్ రాక రోజూ టికెట్ డబ్బులు పెట్టుకోవలసింది మాత్రం మనలాంటి ఇద్దరు పిల్లలే.