ఒంటరి ఆటగాడు

అనేకులు కూడి ఒకరితో ఒకరు పోరాడుటకై ఏర్పరచబడిన ఆటలో ఒంటరిగా ఆడగోరువాడు ఏమి నేర్చుకొనవలెను? ఐస్‌లాండు దేశపు సంస్థయొకటి 2003లో ప్రారంభించిన ‘ఈవ్ ఆన్‌లైన్’ను దృష్టాంతముగా తీసికొందము.

ఈ ఆటలో మనము కంప్యూటరు తెరమీద నక్షత్రముల నడుమ ఓడ నడుపుదుము. నాశనమైన ఓడ తిరిగి రాదు. ఓడకు బీమా సొమ్ము కొంత రావచ్చును గాని, లోనున్న సరకునకు రాదు. ప్రతి నక్షత్రమండలమునకు ఒక భద్రతాంకె కలదు. అది 0.5 మొదలు 1.0 వరకున్న చోట్ల, అకారణముగా మనపై పడినవానిని ‘కాంకార్డ్’ అను కావలిదళము శిక్షించును. అయితే శిక్షించునే గాని, ముందుగా అడ్డుపడదు. దళము వచ్చులోపలనే మన ఓడ పోవచ్చును. 0.4 మొదలు క్రిందికి ఆ దళమే రాదు.

కాబట్టి మూడు సంగతులు గమనింతము.

1. పోయిన ఓర్వలేని ఓడను రేవు దాటింపరాదు.

2. మండలములో ఎవరున్నారో చూపు జాబితాను కనిపెట్టుచుండవలెను. 2009లో చేర్చబడిన ‘వార్మ్‌హోల్’ ప్రాంతములలో మాటలాడనివాని పేరు అందులో కనబడదు. అక్కడ జాబితా ఖాళీగా నున్నదని ధైర్యపడరాదు.

3. మన ఓడయు గుండ్లును దాదాపుగా ఇతర ఆటగాండ్రు చేసి అంగడిలో పెట్టినవే.

ఒంటరిగా ఆడుట తప్పు కాదు. గుంపులోనివానికి తోటివారు కావలి కాయుదురు. ఒంటరివానికి తానే కావలి. ఇతరులను విడిచి వచ్చితిననుకొనువాడే వారిని మిక్కిలి గమనింపవలసి యున్నాడు. నేడు ఈ ఓడ పోయినయెడల రేపు మరల ఆడగలమా? బయలుదేరకమునుపే ఈ ప్రశ్న వేసికొందము.